ఇంటి నుంచి ఎవరో ఒకరు

"నువ్వెలాగూ ఆ టైముకి ఖాళీయేగా, వెళ్లొస్తావులే," అన్నాడు మా ఆయన, ఫోను బల్ల మీద పెడుతూ.

నేనప్పుడు పింగాణీ పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. గడ్డిలోంచి ఒక్కో కప్పూ పైకి తీసి, అంచు మీద గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాను. ఖంగుమంటే సరుకు మంచిది. బొంగురుపోయిందంటే కంటికి కనపడని పగులేదో ఉన్నట్టు. అలాంటిది అమ్మితే వారం తిరక్కుండా కొన్నవాళ్లు తిట్టుకుంటూ తిరిగొస్తారు. పొద్దుట కొట్టు తెరిచినప్పటి నుంచీ ఇదే పని. దీనికి ముందు ఇంట్లో వంట, అత్తయ్యకి మందులు, పాపకి జడ, గౌను, బూట్లు, సంచీ. దీని తర్వాత అరలు తుడవడం, దించడం, ఎక్కించడం, కాగితం చుట్టి కట్టడం. ఖాళీ అన్న మాట చెవిన పడేసరికి చేతిలో కప్పు ఎలా పలికిందో తెలియలేదు. మళ్లీ కొట్టి చూడాల్సి వచ్చింది.

ఫోన్లో మాట్లాడింది పాప చదివే బడి పెద్ద టీచరు. ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు కాబట్టి ఆవిడ చెప్పిందంతా నాకూ వినపడింది.

"మీ పాప నెల్లాళ్లుగా మధ్యాహ్నం తినడం లేదండి. ఇక్కడ పిల్లలందరూ వరసలో నిలబడి పళ్లెంలో వడ్డించుకుని బల్ల దాకా వాళ్లే మోసుకెళ్తారు. ఆ మధ్య మీ పాప పళ్లెంతో సహా పడింది. పిల్లలు కదా, నవ్వారు. అప్పటి నుంచి వరసలోకే రావడం లేదు, నీళ్లు తాగి కూర్చుంటోంది. ఒక్కరికి మోసి పెడితే అందరూ అడుగుతారు, మాకు కుదరదు. సోమవారం నుంచి ఇంటి నుంచి ఎవరో ఒకరు వచ్చి దగ్గరుండి చూసుకోండి. అదైనా ఈ ఏడాది వరకే. పై తరగతి వాళ్ల దగ్గరికి పెద్దవాళ్లని రానివ్వం. అప్పటికీ రాకపోతే వేరే బడి చూసుకోవడం మంచిది."

ఎవరో ఒకరు అంది ఆవిడ. ఆ మాట ఏ గుమ్మంలోంచి లోపలికొచ్చినా నా పేరు పెట్టుకునే వస్తుంది.

లెక్క వేశాను. బడికి వెళ్లడం, కూర్చోబెట్టి తినిపించడం, తిరిగి రావడం. నడిమధ్యాహ్నం కొట్టులో బేరాలు తక్కువే, కాదనను. ఆ వేళలోనే నేను పొద్దుటి సరుకు అరలకెక్కిస్తాను, నాలుగు ముద్దలు తింటాను, కాసేపు కాళ్లు చాపుకుంటాను. ఆయన ఖాళీ అన్నది ఆ కాళ్లు చాపుకున్న కాసేపుని. సరే, అదీ ఇచ్చేస్తాననుకుందాం. ఇస్తే ఏమొస్తుంది? కొట్టులో పుట్టి కొట్టులో పెరిగినదాన్ని, ఏది ఇచ్చినా బదులేమొస్తుందని చూడటం నాకు అలవాటు. ఏడాదంతా నేను తినిపిస్తే, ఏడాది చివర పాపకి నా చేత్తో తినడం వస్తుంది. పళ్లెం మోయడం రాదు. అప్పుడు వేరే బడి. అక్కడా వరస ఉంటుంది, అక్కడా పళ్లెం ఉంటుంది, అక్కడా ఎవరో ఒకరు రమ్మంటారు. ఎంత పెట్టినా తిరిగి రాని బేరమిది. పైగా నష్టమంతా పిల్లది.

"మాట్లాడవేం?" అన్నాడు ఆయన.

"సోమవారం కదా, చూద్దాం," అన్నాను.

మా పాపకి ఎనిమిదేళ్లు. నేను పిచ్చుక అంటాను. అత్తయ్య చిల్లిచేతులు అంటుంది. ఏది పట్టుకున్నా జారిపోతుంది. నేల చదునుగా ఉన్నా కాలు తట్టుకుంటుంది. గుమ్మం వెడల్పుగా ఉన్నా భుజం కొట్టుకుంటుంది. బూటు లేసుతో కుస్తీ పట్టి పట్టి చివరికి లేసు నోట్లో పెట్టుకుని ఏడుస్తుంది. అలాగని మందమతి కాదు. కొట్టులో ఏ అరలో ఏ సెట్టుందో, దేని ధర ఎంతో నాకంటే ముందు చెప్తుంది. కానీ కొట్టులోకి దానికి ప్రవేశం లేదు. మేడ మీద ఇల్లు, కింద కొట్టు. ఆఖరి మెట్టు దగ్గరే నిలబడాలి. అది మెట్ల మీద కనపడితే చాలు, మా ఆయన కుర్చీలోంచి సగం లేచి, "అక్కడే, అక్కడే ఆగు," అని అరుస్తాడు. గాజుసామాన్ల కొట్టు కదా, యజమానికి సరుకంటే ప్రాణం అనుకునేవాళ్లు కొనడానికొచ్చినవాళ్లు.

చాలామందికి చూపించాక ఒక థెరపిస్టు దొరికింది. జుట్టు సగం నెరిసింది, మెడలో ఈల వేలాడుతూ ఉంటుంది. ఆవిడ మొదటి రోజే చెప్పింది, "ఇది బద్ధకం కాదమ్మా, పొగరు కాదు, తెలివితక్కువా కాదు. చెయ్యి ఎక్కడుందో, ఎంత గట్టిగా పట్టుకోవాలో మనకి చెప్పకుండానే తెలిసిపోతుంది. ఈ పిల్లకి ఒక్కోటీ విడగొట్టి నేర్పాలి. ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది." ఆవిడ నేర్పే పద్ధతి ఒకటి నాకు బాగా నచ్చింది. ఏ పనైనా చివర్నుంచి మొదలుపెడుతుంది. లేసు ముడి అంతా తనే వేసి, ఆఖరున బిగించి లాగడం మాత్రం పిల్ల చేత చేయిస్తుంది. అది వచ్చాక దాని ముందుది. అలా అయితే ప్రతిసారీ పని పూర్తిచేసింది పిల్లే అవుతుందట. నేను బేరం చేసేదీ అలాగే. ఏ ధర దగ్గర తెగ్గొట్టాలో ముందే ఖాయం చేసుకుని, ఆ తర్వాతే మొదటి మాట ఎత్తుతాను.

పాపని అక్కడికి తీసుకెళ్లేది నేను. ఇంట్లో పొద్దునా సాయంత్రం ఇసక మూటలు విసిరించేది, గీత మీద నడిపించేది, పిండి పిసికించేది నేను. "మీ అమ్మాకూతుళ్లకి ఆటలు బాగా కుదిరాయి," అంటాడు ఆయన. మా అత్తయ్య ఒక మెట్టు ఎక్కువే. "కడుపుతో ఉండగా పెట్టెలు మోశావు, చెప్తే విన్నావా," అంటుంది. ఆ పెట్టెలు నేను మొయ్యకపోతే ఎవరు మోసేవాళ్లో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

బడివాళ్ల మాట థెరపిస్టుకి చెప్పాను. "సోమవారమా? టైము లేదే," అంది. "రేపు నాన్నగారిని కూడా తీసుకురండి. పళ్లెం మొయ్యడానికి ఇంకో మనిషి కావాలి." ఆయన వంకలు వెతికాడు. బేరగాళ్లొస్తారన్నాడు, తలనొప్పన్నాడు. ఆవిడే ఫోను చేసి రమ్మంటే కాదనలేకపోయాడు. మాటకి మాట మర్యాదగా చెప్పే మనిషి. కొట్టులో ఆయన పెట్టుబడంతా ఆ మాటే.

ఆ గది పొడుగ్గా ఉంటుంది. ఒక పక్క పరుపులు, ఒక పక్క నేలకి జానెడెత్తులో సన్నటి చెక్క.

"ఏం నాన్నగారూ, ఇన్నాళ్లకి తీరిందా?" అంది ఆవిడ.

"వ్యాపారం కదండీ," అన్నాడు నవ్వుతూ.

"వ్యాపారం అమ్మగారు కూడా చేస్తున్నారనుకున్నానే. సరే, పాపకి ఎదురుగా నిలబడండి. ఇదిగో ఇసక మూట. మీరు విసరండి, తను పట్టుకుంటుంది. తను విసిరితే మీరు."

ఆయన విసిరింది పాపకి అందలేదు, పక్కనున్న పరుపు మీద పడింది. పాప తెచ్చుకుని విసిరింది. ఆయన రెండు చేతులూ చాపాడు. మూట గుండెకి తగిలి కింద పడ్డాక గానీ చేతులు దగ్గరికి రాలేదు. "అనుకోలేదు," అన్నాడు. మళ్లీ విసిరింది. మళ్లీ అలాగే. మూడోసారికి ఆయన నుదుటి మీద చెమట కనిపించింది. థెరపిస్టు పెద్ద పళ్లెం ఒకటి తెచ్చి, మధ్యలో బంతి పెట్టి, ఒక కొస పాప చేతికి, ఒక కొస ఆయన చేతికి ఇచ్చింది. "గోడ దాకా నడవండి. బంతి పడకూడదు. పాపా, పళ్లేన్ని చూడకు, గోడని చూడు. మోచేతులు ఒంటికి ఆనించుకో."

నాలుగు అడుగులు నడిచారు. పాప పెదాలు బిగపట్టి గోడనే చూస్తోంది. దాని కొస కదల్లేదు. ఆయన కొస ఒకసారి కిందికి, ఒకసారి పైకి. బంతి ఆయన వైపే దొర్లి కింద పడింది. మళ్లీ పెట్టారు. మళ్లీ ఆయన వైపే.

పాప పళ్లెం వదిలేసింది. దాని మొహం చూసి నాకు భయమేసింది, అంత సంతోషం దాని మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"నాన్నా, నువ్వు కూడా నాలాగేనా?" అంది.

ఆయన పళ్లెం గోడకి ఆనించి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. వీధిలోకి వచ్చాక, పాప ముందు నడుస్తుంటే, గొంతు తగ్గించి అన్నాడు, "ఇంక ఇక్కడికి రానక్కర్లేదు. చిన్నపిల్లల చేత, పెద్దవాళ్ల చేత కోతి చేష్టలు చేయిస్తారా? సోమవారం నుంచి నువ్వెళ్లి తినిపించు, గొడవుండదు."

గొడవుండదట. ఎవరికి?

ఆ మర్నాడు అత్తయ్య ఆయన కొత్త చొక్కాలు నా ఒళ్లో పడేసి సూదీ దారం ఇచ్చింది. మా ఇంట్లో ఇదొక పని. దర్జీ కుట్టిన చొక్కాకి నేను మళ్లీ టిచ్ బటన్లు కుడతాను. పైకి గుండీలు మామూలుగానే కనపడతాయి, అవి ఊరికే షోకుకి. లోపల టిచ్ బటన్లు నొక్కితే సరిపోతుంది. పెళ్లయిన కొత్తలో ఎందుకని అడిగితే, "మావాడికి చిన్నప్పటి నుంచి అలా అలవాటు," అంది అత్తయ్య. ఊరుకున్నాను. ఒక్కో మగాడికి ఒక్కో రాజరికం ఉంటుంది, ఈయనది ఇదనుకున్నాను.

సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను గానీ నా బుర్ర మాత్రం పన్నెండేళ్ల కాపురాన్నీ పెట్టెలోంచి కప్పులు తీసినట్టు ఒక్కొక్కటే బయటికి తీసి గోటితో కొట్టి చూస్తోంది. గడ్డం ఎప్పుడూ మంగలి దగ్గరే. చెప్పులు ఎప్పుడూ కాలు దూర్చి వేసుకునేవే. బండి నేర్చుకోలేదు. కాయ కోసి ముక్కలు చేసి ఇస్తేనే తింటాడు. కాఫీ గ్లాసు అత్తయ్య ఎప్పుడూ సగమే నింపుతుంది, మళ్లీ వెళ్లి మిగతా సగం పోస్తుంది. కొట్టులో ఎవరు ఏది చూపించమన్నా కుర్చీలోంచి, "ఏమేవ్, ఆ పై వరస దించు," అంటాడే తప్ప సరుకు మీద చెయ్యి వెయ్యడు. దీన్ని నేను దర్జా అనుకున్నాను. బద్ధకమనుకున్నాను. కోపం వచ్చిన రోజు కొవ్వు అని కూడా అనుకున్నాను. ఆయన చేతిలో నా సరుకు ఒక్కటీ ఎందుకు పగల్లేదా అని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. అసలు పట్టుకుంటేగా పగలడానికి.

"అత్తయ్యా, ఇది అలవాటా, రాకపోవడమా?" అన్నాను.

ఆవిడ మడతపెడుతున్న తువ్వాలు మళ్లీ విప్పింది.  నేను తొందరపెట్టలేదు. ఎదుటివాళ్లు లెక్క చూసుకుంటున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదు.

"మీ మామయ్య చెయ్యి దురుసు," అంది చివరికి. "వీడు చిన్నప్పుడు గ్లాసుల బుట్ట ఒకటి కింద పడేశాడు. బుట్ట మొత్తం. కొట్టులో జనమంతా చూస్తుండగా వీణ్ణి చేతులు చాపమని బెత్తంతో కొట్టాడు. రెండు చేతులూ వాచిపోయాయి. ఆ రాత్రి నేనే అన్నం కలిపి నోట్లో పెట్టాను. ఆ తర్వాత ఇంక వాడి చేతికి ఏదీ ఇవ్వలేదు. గుండీలు నేను పెట్టాను, బూట్లు నేను కట్టాను, రాసుకోవాల్సింది నేను రాశాను. పెద్దయ్యాక ఇది ఒకరికి తెలియనిచ్చే సంగతా?"

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే చేసుకునేదానివా?" అని ఒక నవ్వు నవ్వింది. "మీ నాన్న కొట్టుకి సరుకు కొనడానికొచ్చాను. నువ్వు చుడుతున్నావు. ఒక చేతిలో కప్పు, ఒక చేతిలో కాగితం, మాట్లాడుతూనే చుట్టేస్తున్నావు, కళ్లు అటు చూడనే లేదు. ఈ చేతులుంటే చాలు మావాడికి, అనుకున్నాను. అంతే. నీ మొహం కూడా సరిగ్గా చూడలేదు."

బేరంలో నన్నెవరూ మోసం చెయ్యలేదని నాకొక గీర ఉండేది. ఆవిడ చేసిన బేరం చూడండి. కాగితం చుడుతున్నంతసేపట్లో నన్ను తూచి, ధర కట్టి, తీసుకుపోయింది. ఏం కొన్నదో అమ్మినవాళ్లకీ తెలియదు, అమ్ముడుపోయిన నాకూ తెలియదు. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దాని కింద ఇంకో లెక్క తేలుతోంది, అది మరీ బరువుగా ఉంది.

"అయితే పిల్లనెందుకు చిల్లిచేతులంటారు? మీ అబ్బాయిని ఎప్పుడూ అనలేదుగా."

"ఆడపిల్ల కదమ్మా," అంది.  "వాడికి నేనున్నాను. నా తర్వాత నువ్వొచ్చావు. దీనికి ఎవరొస్తారు?"

నేను కుడుతున్న చొక్కా పక్కన పెట్టాను.

"ఎవరూ రారు కదా. అందుకే తిడతాను. తిడితేనైనా వస్తుందేమోనని," అంది అత్తయ్యే.

"కొడితే మీ అబ్బాయికి వచ్చిందా?"

ఆవిడ తువ్వాలు మడత పెట్టి, లేచి వెళ్లబోతూ, "వాడితో అనకు. మగాడి పరువు," అంది. ఒక ఆడపిల్ల ఆకలీ ఒక మగాడి పరువూ త్రాసులో చెరోవైపు పడ్డాయని ఆవిడకి తెలుసు. ఎటు మొగ్గాలో కూడా చెప్పేసి వెళ్లింది.

ఆదివారం కొట్టుకి సెలవు. పాపని చెయ్యి పట్టుకుని ఆఖరి మెట్టు దింపాను. "రా, లోపలికి," అన్నాను.

"నాన్న తిడతారు."

"నేనూ ఈ కొట్టుదాన్నే."

సరుకు చుట్టే బల్ల దగ్గర మొదలుపెట్టాం. పళ్లెం కింద ఇసక మూట ఒకటి కట్టాను. తేలిగ్గా ఉంటే చేతికి తెలియదట, బరువుంటేనే ఎక్కడుందో తెలుస్తుందట. పళ్లెంలో గిన్నె, గిన్నెలో నీళ్లు. మొదట బల్ల పక్కనే నిలబడి పళ్లెం దించడం. అంతే పని. దించింది. తొణికింది, తుడిచింది, మళ్లీ దించింది. తర్వాత ఒక అడుగు వెనక నుంచి. ఇంకో అడుగు. మధ్యాహ్నానికి అరల మధ్య సందు సగానికి వచ్చాం. అటూ ఇటూ నా నడుము ఎత్తు నుంచి పైకప్పు దాకా గాజే. పాప మోచేతులు పక్కటెముకలకి అదిమిపెట్టుకుని, కళ్లు బల్ల మీదే ఉంచి, చిన్న చిన్న అడుగులేస్తోంది.  నా భయం పిల్ల గురించో సరుకు గురించో చెప్పమంటే, వ్యాపారస్తురాల్ని, రెంటి గురించీ.

మెట్ల మీద ఆయన. "కొట్టులోనా? నీకు మతి పోయిందా?"

"బడిలో వరస ఇంతే ఇరుకుగా ఉంటుంది. ఇక్కడ నడిస్తే అక్కడ నడుస్తుంది."

"పగులుతాయి."

"పగిలితే పగులుతాయి. గాజు నవ్వదుగా."

"ఎంత నష్టమో తెలుసా?"

"నాకు కాకపోతే ఎవరికి తెలుస్తుంది? ఏ పెట్టెకి మనం పగిలేవాటికని తరుగు కలపలేదు చెప్పండి. లారీ కుదుపుకి కలుపుతాం, హమాలీ చేతికి కలుపుతాం, కొనడానికొచ్చి మోచేత్తో పొడిచేవాళ్లకి కూడా కలుపుతాం. ఊళ్లోవాళ్లందరికీ ఉన్న తరుగు మన పిల్లకి లేదా?"

మా మాటలకి పాప తల తిప్పింది. తల తిరిగితే దానికి ఒళ్లంతా తిరుగుతుంది. భుజం అరకి తగిలింది. చివర నిలబెట్టిన గాజు కూజా ఒకటి ఊగింది, నేను అందుకునేలోపు కింద పడింది.

 పాప చేతిలో పళ్లెం ఇంకా ఉంది. నీళ్లు ఊగుతున్నాయి గానీ అది వదల్లేదు. కళ్లు మాత్రం నాన్న వైపు. నేనూ ఆయన వైపే చూశాను. అరుపు కోసం నోరు తెరిచాడు.  రెండు చేతులూ మెల్లగా వెనక్కి పోయాయి. వీపు వెనక దాక్కున్నాయి. నలభై ఏళ్లు దాటిన మనిషి, తన కొట్టులో, తన మెట్ల మీద, చేతులు చాపమని ఎవరో అంటారన్నట్టు నిలబడ్డాడు.

అంతలోనే వెనక్కి తిరిగి మేడ ఎక్కిపోయాడు.

"అమ్మా, పళ్లెం దించనా? చేతులు లాగుతున్నాయి," అంది పాప.

"బల్ల దాకా తీసుకెళ్లి దించు."

వెళ్లి దించింది. తర్వాత చెప్పులేసుకుని చీపురు తెచ్చుకుంది. గాజు పెంకులు ఎలా తుడవాలో నేను అన్నిటికంటే ముందు నేర్పాను, ఎలాగూ అవసరం పడుతుందని.

సోమవారం పొద్దున పాపని బడికి పంపుతూ ఒకటే చెప్పాను, మధ్యాహ్నం నేను రానని, వరసలో నిలబడమని. "ఒలికితే?" అంది. "మిగిలింది తిను," అన్నాను.  వరసలో నిలబడుతుందో, మళ్లీ నీళ్లు తాగి కూర్చుంటుందో నాకు తెలియదు. తెలియకుండానే ఈ బేరం చెయ్యాలి. నేను వెళితే ఈ పూట తింటుంది. వెళ్లకపోతే ఈ పూట పస్తు, రేపూ పస్తు కావచ్చు. కానీ నేను వెళ్లిన ప్రతి పూటా, నువ్వు మొయ్యలేవు అని నా నోటితో నేనే దానికి చెప్పినట్టు. మా అత్తయ్య ప్రేమతో తన కొడుక్కి చెప్పింది అదే. అది పన్నెండేళ్లుగా నా చేతుల మీద నడుస్తోంది.

మధ్యాహ్నం కొట్టు ఖాళీ అయింది. నేను అరలో గిన్నెలు సర్దుతున్నాను. ఆయన కుర్చీలో ఒకసారి ఇటు, ఒకసారి అటు కదిలాడు.

"టైమైంది," అన్నాడు.

"అవును."

"వెళ్లవా?"

"వెళ్లను."

"పిల్ల పస్తుంటుంది."

"నెల్లాళ్లుగా ఉంటూనే ఉంది. మనకి తెలిసింది మొన్న."

"తల్లివేనా నువ్వు?"

ఈ మాట వస్తుందని తెలుసు. ఎదుటివాడి ఆఖరి ధర ఇదే. నేను చేతిలో గిన్నె అరలో పెట్టి, చీర చెంగుతో చేతులు తుడుచుకుని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"బడివాళ్లు ఇంటి నుంచి ఎవరో ఒకరు అన్నారు. అమ్మ అనలేదు. మీరూ ఈ ఇంట్లోవాళ్లే."

"నేనా? నేనెళ్లి ఏం చెయ్యను?" అన్నాడు. కొట్టులో వినపడే తియ్యటి గొంతు కాదది. ఎక్కడో లోపల్నుంచి, సన్నగా. తర్వాత నేల చూస్తూ, "అమ్మ చెప్పిందా నీకు?" అన్నాడు.

"చెప్పింది."

 నాకు జాలేసింది. జాలి వెయ్యగానే నా చేతులు వాటంతటవే కదలబోయాయి, పోన్లే నేనే వెళ్తాను అనడానికి, పళ్లేలూ గుండీలూ పై వరసలూ అన్నీ మళ్లీ నేనే అందుకోవడానికి. ఆ చేతుల్ని అలాగే పట్టి ఉంచుకున్నాను. ఈయన వెళ్లినా వెళ్లకపోయినా నేను మాత్రం వెళ్లను. ఆ లెక్క పొద్దున్నే తేల్చుకున్నాను.

"తినిపించొద్దు," అన్నాను. "దాని పళ్లెం పట్టుకోవద్దు. మీరూ ఒక పళ్లెం తీసుకుని, వడ్డించుకుని, దాని వెనకాల వరసలో నడవండి. అంతే."

"అందరి ముందా? పడిపోతుంది నా చేతిలోంచి."

"పడొచ్చు. ఎలా పట్టుకోవాలో దాన్నే అడగండి, చెప్తుంది. దానికి వచ్చు."

ఆయన లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. వీధిలో ఎండ తెల్లగా ఉంది. ఇటు తిరక్కుండానే, "పిల్లలు నవ్వుతారు," అన్నాడు.

"నవ్వనివ్వండి," అన్నాను. "ఇన్నాళ్లూ ఆ నవ్వంతా అదొక్కతే మోస్తోంది."